ఒకటికి మూడు

గోడకు రంధ్రం వేద్దామని డ్రిల్లు ఎత్తానో లేదో
ఆమె నన్ను నిలదీసింది:
"బయట మైనస్ తొమ్మిది.
అందులోంచి వేడి తీస్తావా? రాతిలోంచి నార తీసినట్టు?"

తెల్లెర్వో. డెబ్భై ఒకటి.
కుహ్మో రంపపు మిల్లులో ముప్పై ఏళ్లు
దుంగలు లెక్కపెట్టిన మనిషి.
మాట నమ్మదు. అంకె నమ్ముతుంది.

వంటింట్లోకి తీసుకెళ్లి
ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టమన్నాను.
"పాలు చల్లబడ్డాయి కదా, వాటిలోంచి పోయిన వేడి ఇదే.
ఇప్పుడు మీ పెరడంతా ఫ్రిజ్ లోపలనుకోండి,
మీరు దాని వీపు వెనక కూర్చున్నారనుకోండి."
ఆమె నవ్వలేదు.
చెయ్యి మాత్రం కాసేపు తీయలేదు.

ఈ పెట్టె వేడిని పుట్టించదు,
మోస్తుంది.
రాగి గొట్టాల్లో తిరిగే ద్రవానికి
నీళ్లు రాయైపోయే చలి కూడా పొయ్యిసెగే,
ఆ చలిలోనే మరిగి ఆవిరవుతుంది.
ఆవిరిని నొక్కితే వేడెక్కుతుంది,
సైకిలుకు గాలి కొడుతుంటే పంపు అడుగు చురుక్కుమన్నట్టు.
కరెంటు చేసేది ఆ నొక్కుడే.
తక్కినదంతా పెరట్లో గాలిది,
ఎవరూ బిల్లు వేయని గాలిది.

పిండికొద్దీ రొట్టె అంటారు కదా,
ఇక్కడ గుప్పెడు పిండి మీది,
రెండు గుప్పెళ్లు బయటినుంచి వచ్చి కలుస్తాయి, అన్నాను.
మరీ చలి ముదిరితే ఆ రెండూ రావు, అది కూడా చెప్పాను.
"రాసి చూస్తాను," అంది.

ఏడాదికి సర్వీసుకెళ్లాను.
వడపోత జాలీ కడుగుతుంటే
నీలం అట్ట నోటుపుస్తకం నా ముందు పడేసింది.
రోజుకో వరుస, పెన్సిలుతో.
పాత రేడియేటర్లు అదే చలికి ఎంత తాగేవో పక్క గడిలో.

అక్టోబరు పద్నాలుగు. ప్లస్ అయిదు. ఒకటికి నాలుగు. మీటరు చెడిందేమో.
అక్టోబరు పదిహేను. మీటరు బాగానే ఉంది.
నవంబరు తొమ్మిది. మైనస్ ఏడు. ఒకటికి మూడు.
డిసెంబరు రెండు. మైనస్ పదహారు. రెండుంబావు.
బయటి యంత్రం మంచు పట్టి మూలిగింది,
ఇంట్లో వేడి కొంత వెనక్కి లాక్కుని గుప్పున ఆవిరి కక్కింది.
నిప్పంటుకుందని బకెట్టుతో పరిగెత్తాను. సిగ్గు.
జనవరి ఇరవై రెండు. మైనస్ ముప్పై ఒకటి. ఒకటికి ఒకటీ చిల్లర.
పొయ్యి రాజేశాను.
ఇలా అవుతుందని ఆ కుర్రాడు చెప్పాడు. అబద్ధమాడలేదు.

ఆ వాక్యం దగ్గర
జాలీలోంచి నీళ్లు నా బూట్లమీదికి చాలాసేపు కారాయి.

ఫిబ్రవరి ఒకటి. కొట్టంలో నాలుగు ఘనమీటర్ల కట్టెలు మిగిలాయి.
బిర్చి. రెండేళ్లు ఎండినవి.
ఫిబ్రవరి రెండు. లాహ్యా ఇంట్లో ఆయిల్ బాయిలర్ చచ్చిందట. కొట్లో అనుకుంటుంటే విన్నాను.

"లాహ్యా ఎవరు?"
"చెల్లెలు. మూడు వీధులవతల.
నాన్న అడవి పంచుకునేటప్పుడు
ఒక సరిహద్దు రాయి దగ్గర మాట ఆగింది.
పదకొండేళ్లు."
దుంగల లెక్క చెప్పినట్టే చెప్పింది.

ఫిబ్రవరి మూడు. స్లెడ్జితో రెండు తడవలు. తలుపు కొట్టలేదు.
ఫిబ్రవరి నాలుగు. మూడు తడవలు. వంటింట్లో దీపం వెలిగింది. తలుపు కొట్టలేదు.
ఫిబ్రవరి అయిదు. నడుం పట్టేసింది. స్లెడ్జి అక్కడే వదిలేశాను.
ఫిబ్రవరి ఆరు. పొద్దున్నే స్లెడ్జి నా గుమ్మం ముందు.
మంచు ఊడ్చి ఉంది.
తాడు చుట్ట చుట్టి ఉంది, నాన్న చుట్టే పద్ధతిలో.

ఆ రోజు పక్క గడి ఖాళీ.
ఒకటికి ఎంతో రాయలేదు.

జాలీ బిగించాను. పుస్తకం మూశాను.
బయట యంత్రం సన్నగా చలిని పీలుస్తోంది.
"కాఫీ రెండు కప్పులకే కాచాను,"
అంది తెల్లెర్వో, గడియారం వైపు చూస్తూ.
"పదింటికి ఒకరొస్తారు.
ఈలోగా నువ్వు తాగేస్తే మళ్లీ పెట్టుకుంటాను."